అస్తరు మీద గళ్ళు

ఆ యేడు వానలు మొదలైనప్పటి నుంచి ఆగేదాకా మా ఇంట్లో గళ్ళు లేని చోటంటూ లేదు. పాత పేపర్ల అంచుల మీద గళ్ళు, కొలతల పుస్తకం అట్ట మీద గళ్ళు, కోట్లకు కత్తిరించగా మిగిలిన నల్లగుడ్డ ముక్కల మీద సుద్దతో గీసిన గళ్ళు. చివరికి గోడ క్యాలెండరులో తేదీల గళ్ళను కూడా వదిలిపెట్టకుండా ఎవరో ఒక్కో గడిలో ఒక్కో అక్షరం కూర్చిపెట్టారు. ఎవరో ఏమిటి, మా అత్తే. ఇవాళ తేదీ ఎంత అని నాన్న అడిగితే, ఏ అక్షరం కింద ఏ అంకె దాక్కుందో వెతికి చెప్పేసరికి నా తల ప్రాణం తోకకొచ్చేది.

అత్త అంటే నాన్నకు చెల్లెలు. మా ముందుగదే ఆమె కుట్టుపని గది. కోటు కుట్టించుకోవాలంటే ఆ చుట్టుపక్కల వాళ్ళంతా మా గుమ్మమే ఎక్కేవాళ్ళు. అమ్మ నా చిన్నప్పుడే పోవడంతో ఇంట్లో ఉన్నది ముగ్గురం. అప్పటికి నాకు పందొమ్మిదేళ్ళు. గుండీలు కుట్టడం, అవి దూరే కాజాలు తీయడం, కుట్టిన కోటుకి ఇస్త్రీ చేయడం నా పనులు. నాన్న ఒక వారపత్రికలో ప్రూఫులు దిద్దేవాడు. ఆఫీసులో దిద్దింది చాలక, దారిలో కనబడిన బోర్డుల మీద తప్పులు కూడా లెక్కపెట్టుకుంటూ వచ్చేవాడు. ఆయన చెయ్యి పడని శుభలేఖ మా వీధిలో అచ్చవలేదు. ఇంటికి ఎవరైనా ఉత్తరం రాస్తే ముందు దిద్దేవాడు, తరువాత చదివేవాడు.

ఆ పత్రికలో ఆదివారం ఆదివారం పదాల గళ్ళు వచ్చేవి. గడికొక అక్షరం, అడ్డంగా కొన్ని మాటలు, నిలువుగా కొన్ని, పక్కనే వాటికి ఆధారాలు. ఇరవై ఏళ్ళుగా వాటిని కూర్చేది ఒక రిటైరైన మాస్టారు. అత్త బడికి వెళ్ళింది మూడేళ్ళే. మిగతా చదువంతా ఆ మాస్టారి గళ్ళలోనే చదివింది. ఆదివారం పొద్దున్నే కత్తెర పక్కన పెట్టి, చెవి మీది పెన్సిలు తీసి కూర్చుందంటే ఆ గంటసేపూ ఇల్లు కొట్టుకుపోతున్నా లేచేది కాదు. అర్థం తెలియని మాట తగిలితే నాన్నను అడిగేది.

"చూసుకో" అనేవాడు నాన్న.

ఆయన చెప్పేది ఆ ఒక్క ముక్కే. నిఘంటువు బీరువా నెత్తిన ఉండేది. అత్త స్టూలు వేసుకుని ఎక్కి, దాన్ని దించి, చూసి, మళ్ళీ ఎక్కి పెట్టేది. దొరికిన మాటను కొలతల పుస్తకంలో రాసుకునేది. ఎడమ పేజీలో ఎవరిదో ఛాతీ నలభై, నడుము ముప్పైఆరు. కుడి పేజీలో 'తాత్సారం: కావాలని ఆలస్యం చేయడం'. రాసుకుని ఊరుకుంటే మా అత్త ఎందుకవుతుంది? ఆ వారమంతా వచ్చిన ప్రతివాడి మీదా ఆ మాటను ప్రయోగించేది.

"మీ కోటు విషయంలో తాత్సారం చేయనండీ, బుధవారానికి ఇచ్చేస్తాను" అనేది, చేతులు చాచి నిలబడ్డ మనిషి చుట్టూ టేపు తిప్పుతూ.

ఆయన ఒక క్షణం ఆలోచించి, "అంటే బుధవారం ఇస్తారా, ఇవ్వరా?" అని నన్ను అడిగేవాడు.

వాడిన మాట పక్కన అత్త టిక్కు పెట్టేది. వాడనంతవరకూ ఆ మాట తనది కాదని ఆమె లెక్క. ఆ లెక్కన వందల టిక్కులు ఉండేవి ఆ పుస్తకంలో. ఒక్క 'అన్యాపదేశం' పక్కన మాత్రం ఏళ్ళ తరబడి టిక్కు పడలేదు. 'నేరుగా చెప్పకుండా ఇంకొకదాని మీద పెట్టి చెప్పడం' అని అర్థం రాసుకుంది. కానీ దాన్ని ఎవరి మీద ఎలా వాడాలో తెలియక, పుస్తకం తెరిచినప్పుడల్లా దానికేసి చూసి నిట్టూర్చేది. మనసులో ఉన్నది ముఖం మీదే అనేసే మనిషికి ఆ మాటతో ఏం పని పడుతుంది?

జల్లులు మొదలైన మొదటి వారంలో నాన్న తడిగొడుగు మూలన పెడుతూ చెప్పాడు, మాస్టారికి చూపు ఆనడం లేదట, ఇక గళ్ళు కూర్చలేనన్నారట.

"మరి?" అంది అత్త.

"మరేముంది! ఎవరైనా బాగా కట్టి పంపిస్తే చూద్దాం అంటున్నారు ఎడిటరు గారు. గడువు పెట్టారు. నచ్చినవి రాకపోతే అక్కడ సబ్బు ప్రకటన వేస్తారు."

మర్నాటి నుంచే గుడ్డముక్కల మీద గళ్ళు పుట్టడం మొదలయ్యాయి. నల్లటి అస్తరు గుడ్డ ఆమెకు పలక అయింది. గీయడం, చూడడం, చెరపడం, మళ్ళీ గీయడం. మిషను తొక్కుతూ తొక్కుతూ మధ్యలో ఆగి, సూది కింద గుడ్డను అలాగే వదిలేసి, "నాలుగక్షరాలు పిల్లా, మూడోది 'బ' రావాలి, చెప్పు" అనేది. నేను చెప్పేలోపు తనే చెప్పుకుని, మళ్ళీ మిషను తొక్కేది. అంత సంతోషంగా ఆమెను నేను అంతకుముందు చూడలేదు.

రెండు వారాలకు ఒకటి పూర్తయింది. తెల్ల కాగితం మీద స్కేలు పెట్టి గీసి, ఆధారాలు గుండ్రంగా రాసి, ఒక ఆదివారం కాఫీ తాగుతున్న నాన్న ముందు పెట్టింది. నాన్న కళ్ళజోడు సర్దుకుని, జేబులోంచి ఎర్ర కలం తీశాడు. కాగితం కనబడితే ఆ కలం దానంతటదే బయటికొచ్చేది.

"కాజా. కొలబద్ద. మడత" అని చదివాడు. "ఇదేమిటి, అడ్డం నాలుగు? 'బరువంతా తను మోస్తుంది, పేరు కోటుకి పోతుంది.' మూడు అక్షరాలా?"

"అస్తరు అన్నయ్యా. కోటు లోపల వేసే గుడ్డ."

"అది నాకు తెలుసు. రోజూ నీ గదిలోంచే కదా నడుస్తున్నాను. చదివేవాళ్ళకి ఎలా తెలుస్తుంది? మాస్టారు ఎలాంటి మాటలు పెట్టేవారు! వాటిని చూస్తేనే చెయ్యెత్తి దణ్ణం పెట్టాలనిపించేది. నువ్వేమో దర్జీ కొట్టు సామాను మొత్తం తెచ్చి పేజీలో పరిచావు."

అత్త ముఖం కొంచెం ఎర్రబడింది. "మాస్టారికి తెలిసినవి మాస్టారు పెట్టారు, నేను నేర్చుకున్నాను. నాకు తెలిసినవి నేను పెడితే వాళ్ళు నేర్చుకోకూడదా?"

నాన్న ఎర్ర కలం మూత పెట్టి జేబులో వేసుకున్నాడు. "గడువు రేపటికి సరిగ్గా రెండు వారాలు, సోమవారం. ఇలా ఇవ్వు, ఎడిటరు గారి బల్ల మీద పెడతాను."

అత్త ఆ కాగితాన్ని గుండీలు వేసే ఖాకీ కవరులో పెట్టి ఇచ్చింది. నాన్న దాన్ని ఆఫీసు సంచిలో వేసుకున్నాడు. అప్పుడు మా అత్త ముఖం చూడాలి, పరీక్ష రాసి వచ్చిన చిన్నపిల్ల ముఖం.

ఆ వారమంతా ఒకటే వాన. బట్టలు ఆరవు, తలుపులు ఉబ్బి మూసుకోవు, ఇస్త్రీ పెట్టె తప్ప ఇంట్లో పొడిగా ఉన్న వస్తువు లేదు. నాన్న సాయంత్రం ఇంటికి రాగానే నేను ఆయన నోటికేసి చూసేదాన్ని, ఎడిటరు గారు ఏమైనా అన్నారేమోనని. నాన్న వాన గురించి చెప్పేవాడు, బస్సు గురించి చెప్పేవాడు, ఆరో పేజీలో దొర్లిన తప్పు గురించి పావుగంట చెప్పేవాడు. కవరు ఊసెత్తేవాడు కాదు. అత్తా అడిగేది కాదు. అడగకపోవడం నాకు వింతగా ఉండేది. ఆమె అడగకుండా ఊరుకునే రకం కాదు.

రోజూ నాన్న సంచిలో అన్నం డబ్బా పెట్టేది అత్తే. సోమవారం నాడు ఆమె ఎవరికో భుజం కొలత తీస్తూ ఉండడంతో ఆ పని నాకు పడింది. సంచి తెరిచి డబ్బా పెట్టబోతే పక్కన ఖాకీ కవరు. ఎనిమిది రోజుల కిందటి కవరు. మూలలు నలిగి, డబ్బా అంచు ఒరుసుకుని ఒక పక్క నూనె మరక కూడా అయింది.

నాన్న బూట్లు వేసుకుంటున్నాడు. నేను సంచి మూసి ఆయన చేతికిచ్చాను. ఆయన గొడుగు వేసుకుని వీధి మలుపు తిరిగేదాకా నోరు నొక్కుకుని నిలబడ్డాను. తరువాత పరుగున గదిలోకి వెళ్ళాను. కొలతకు వచ్చిన మనిషి అప్పటికే వెళ్ళిపోయాడు.

"అత్తా, నాన్న కవరు ఇవ్వలేదు! సంచిలోనే ఉంది!"

అత్త సూదిలోకి దారం ఎక్కిస్తూ ఉంది. ఎక్కించడం పూర్తిచేసి, చివర ముడి వేసింది.

"తెలుసు" అంది. "రోజూ దాని పక్కనే కదా డబ్బా పెడుతున్నాను."

ఆమెకు ఎనిమిది రోజులుగా తెలుసు. ఎనిమిది రోజులుగా ఆ డబ్బాలో వేడి అన్నం, ఆయనకిష్టమైన కూర సర్ది, ఆ కవరు పక్కన పెట్టి, జాగ్రత్తగా వెళ్ళిరా అన్నయ్యా అని పంపిస్తోంది.

"అడగవేం మరి?" అన్నాను. నాకు ఏడుపొస్తోంది. "నాకివ్వు, నేను వెళ్ళి పోస్టులో వేసొస్తాను."

"పోస్టులో వేస్తే పత్రిక ఒప్పుకుంటుందేమో. మీ నాన్న ఒప్పుకోడు. నాకు కావాల్సింది పత్రిక ఒక్కటే అయితే ఎప్పుడో వేసేదాన్ని." సూది గుడ్డలో గుచ్చింది. "వాళ్ళు నవ్వుతారని భయం ఆయనకి. నన్ను చూసి ఎవరైనా నవ్వితే తట్టుకోలేడు, చిన్నప్పటి నుంచీ అంతే. కానీ పిల్లా, ఆయన చేత్తో ఆయన ఇవ్వాలి. లేకపోతే నేను కట్టినా కట్టనట్టే."

ఆ మాట అన్నాక ఇక ఆ విషయం ఎత్తలేదు. కవరు అందదని తెలిసినా గళ్ళు కట్టడం మాత్రం ఆపలేదు. అడ్డం నాలుగును మధ్యలో పెట్టి, చుట్టూ మాటలన్నీ మార్చి, ఇంకా బిగువుగా కొత్తది మొదలుపెట్టింది.

ఆ పొరపాటు జరిగింది మర్నాడే. చేసింది నేను.

కోర్టులో గుమాస్తాగా పనిచేసే ఆయన ఒకరు కోటు కుట్టించుకుంటున్నారు. నల్ల అస్తరు. ఆ వెనుక భాగం ముక్క కత్తిరించి బల్ల మీద ఉంది. చేతికందిన పీలికలన్నీ అప్పటికే నిండిపోవడంతో అత్త ఆ ముక్క మీదే కొత్త గళ్ళు గీసి, పక్కన పది ఆధారాలూ సన్నటి అక్షరాలతో రాసింది. కాగితం మీదికి ఎక్కించుకుని దులిపేద్దామనుకుంది. అంతలో ఎవరో కొలతలకు వస్తే లేచి వెళ్ళింది. నేను కోటు పని అయిపోవాలన్న తొందరలో ఆ ముక్క తీసుకుని కుట్టేశాను.

గళ్ళు నాకు కనబడలేదా అంటే, కనబడ్డాయి. కళ్ళెదుటే ఉన్నాయి. కానీ ఆ ఇంట్లో గళ్ళు కనబడడం గోడ రంగు కనబడినట్టే. ఇంకో ఇంటి పిల్ల అయితే 'ఇదేమిటి' అని ఆగేది. నేను ఆగలేదు. పైగా తడిగుడ్డ కప్పి, బొగ్గుల పెట్టె బరువంతా వేసి చక్కగా ఇస్త్రీ చేశాను. కాగితంలో చుట్టి, సాయంత్రం వచ్చిన గుమాస్తా గారి చేతిలో పెట్టాను. ఆయన వానలో గొడుగు కింద పొట్లాన్ని పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని వెళ్ళారు.

ఆయన వెళ్ళిన పది నిమిషాలకు అత్త బల్ల మీదంతా వెతికింది. "నా గళ్ళేవే?"

నాకు అప్పుడు వెలిగింది. "అత్తా, దేనితో గీశావు?"

"మైనం సుద్దతో."

మామూలు సుద్ద అయితే చేత్తో దులిపితే పోతుంది. మైనం సుద్ద మీద వేడి పడితే గుడ్డలోకి దిగి అక్కడే స్థిరపడిపోతుంది. గీత మీద ఇస్త్రీ పెట్టె పెట్టకూడదని నాకు మొదటిరోజు నేర్పిన పాఠం అదే.

"ఇస్త్రీ చేశావా?" అంది అత్త.

"రెండుసార్లు" అన్నాను.

అత్త స్టూలు మీద కూలబడింది. ఇక తిట్లు తప్పవనుకుని నేను తల వంచుకున్నాను. తిట్లు రాకపోయేసరికి తలెత్తి చూస్తే, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. "అంటే రేపటి నుంచి ఆ మహానుభావుడు వీపు మీద పది ఆధారాలు వేసుకుని కోర్టుకు వెళ్తాడన్నమాట!"

నవ్వు తగ్గాక మాత్రం ముఖంలో దిగులు కనబడింది. ఇరవై ఏళ్ళుగా కుట్టిన కోటు మీద ఒక్క దారం ముక్క వేలాడనివ్వని మనిషి ఆమె. కోర్టుకు వెళ్ళి అందరి ముందూ కోటు విప్పమంటే ఆయన పరువు పోతుంది, చూసుకున్నాక ఆయనే వస్తాడు, అప్పుడు కొత్త అస్తరు వేసి కాళ్ళావేళ్ళా పడదాం అంది. "మీ నాన్నకి మాత్రం చెప్పకు" అని కూడా అంది.

ఆయన వచ్చింది ఆదివారం పొద్దున. ఒక్కరే కాదు, వెంట ఇంకో ఇద్దరు. కిటికీలోంచి చూసి నేను చేతిలోని గుండీలు బల్ల మీద పెట్టేశాను. నాన్న ఆ గదిలోనే కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నాడు. అత్త పేపరు తీసుకోలేదు ఆవేళ, ఊరికే కత్తెర తుడుచుకుంటోంది. గడువు మర్నాడే.

గుమాస్తా గారు గొడుగు ముడిచి లోపలికి వచ్చి, సంచిలోంచి కోటు తీసి, బల్ల మీద వెల్లకిలా పరిచారు. నల్లటి అస్తరు మీద తెల్లగా, ముత్యాల్లాంటి గీతలు. ఒక్కటీ చెదరలేదు. నా ఇస్త్రీ అంత బాగా కుదిరింది.

"అయ్యా, తప్పు నాదే..." అని నేను మొదలుపెట్టాను.

"ఉండమ్మా, ముందు నా గోడు విను" అన్నారాయన. "బుధవారం హాల్లో ఉక్కగా ఉందని కోటు విప్పి కుర్చీకి తగిలించాను. కాసేపటికి చూస్తే నా కుర్చీ వెనక ముగ్గురు. మధ్యాహ్నానికి ఏడుగురు. ఒక కేసు వాయిదా పడిందంటే నమ్ము, ఫైలు తేవాల్సిన మనిషి నా కోటు దగ్గరే నిలబడిపోయాడు. తొమ్మిది చేశాం. కాజా అంటే ఏమిటో తెలియక ఇంటికెళ్ళి మా ఆవిడని అడిగాను. ఆవిడ, ఇన్నేళ్ళూ నీ గుండీలు ఎక్కడ పెట్టుకుంటున్నావయ్యా అని కడిగేసింది. ఒక్కటి మిగిలింది. మూడు రోజులుగా ఆఫీసులో ఎవరికీ పని సాగడం లేదు."

"ఏది?" అంది అత్త.

"అడ్డం నాలుగు. 'బరువంతా తను మోస్తుంది, పేరు కోటుకి పోతుంది.' మధ్య అక్షరం స్త. పుస్తకంలోంచి వచ్చింది. ఇదిగో ఈయన మా పెద్ద గుమాస్తా, 'మస్తకం' అంటారు. బరువు మోసేది తలే కదా అని ఆయన వాదన. తలకీ కోటుకీ సంబంధం ఏమిటండీ అని నా వాదన. మాటా మాటా పెరిగి, ఇక ఇక్కడే తేల్చుకుందామని వచ్చాం."

అత్త నోరు తెరిచింది గానీ చెప్పలేదు. నాన్నకేసి చూసింది. నేనూ చూశాను. నాన్న పేపరు మడిచి పక్కన పెట్టి లేచాడు. బల్ల దగ్గరికి వచ్చి ఆ గళ్ళను పైనుంచి కింది దాకా చదివాడు. ప్రూఫు చదివినట్టే, గీత గీతకీ వేలు ఆనిస్తూ చదివాడు. ఆ చెయ్యి జేబులోని ఎర్ర కలం దాకా వెళ్ళి, ఉత్తదే వెనక్కి వచ్చింది.

తరువాత పెద్ద గుమాస్తా గారి చెయ్యి పట్టుకుని ఆ గుడ్డ మీద పెట్టాడు.

"మీ వేళ్ళ కింద ఉంది చూడండి" అన్నాడు. "అస్తరు."

పెద్ద గుమాస్తా గారు మొదలుపెట్టిన నవ్వు మిగతా ఇద్దరికీ అంటుకుంది. "జవాబు మీదే ప్రశ్న రాసి, నాలుగు రోజులు నా వీపున మోయించారు కదమ్మా!" అని గుమాస్తా గారు నుదురు కొట్టుకున్నారు. ముప్పై ఏళ్ళుగా అందులో చేతులు దూరుస్తున్నాను, దాని పేరేమిటో ఒక్కరోజు అడగలేదు అని పెద్దాయన మళ్ళీ మళ్ళీ అనుకున్నారు.

"ఇది కట్టింది ఎవరండీ?" అన్నారు.

"మా చెల్లెలు" అన్నాడు నాన్న.

అస్తరు మార్చి ఇస్తామని అత్త అంటే గుమాస్తా గారు కోటును గుండెలకు హత్తుకున్నారు. ముట్టుకోవడానికి వీల్లేదన్నారు. కావాలంటే ఇంకో కోటు కుట్టించుకుంటాను, దాని లోపల ఇంకోటి రాసివ్వండి అన్నారు. వాళ్ళు వీధిలో వానలో వెళ్తూ కూడా నవ్వుకుంటూనే వెళ్ళారు.

నాన్న గుమ్మంలో నిలబడి వాళ్ళనే చూశాడు. "నవ్వుతారనుకున్నాను" అన్నాడు, ఎవరితోనూ కాకుండా.

"నవ్వారుగా అన్నయ్యా" అంది అత్త.

"అవును. ఇలా నవ్వుతారనుకోలేదు."

సోమవారం పొద్దున అత్త ఎప్పటిలాగే డబ్బా కట్టి సంచి తెరిచింది. నాన్న బూట్లు వేసుకున్నవాడు మళ్ళీ విప్పాడు. సంచిలోంచి ఖాకీ కవరు తీసి బల్ల మీద పెట్టాడు. నూనె మరక పైకి కనబడుతోంది.

"ఇది పాడైపోయింది" అన్నాడు. "నిన్నటిది బాగుంది. తెల్ల కాగితం మీద రాసివ్వు. నేను కూర్చుంటాను."

అత్త జ్ఞాపకం నుంచే రాసింది. స్కేలు పెట్టి గళ్ళు గీస్తున్నంతసేపూ నాన్న స్టూలు మీద, సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నాకు తెలిసి నాన్న ఆఫీసుకు ఆలస్యమైంది ఆ ఒక్కరోజే. ఆఖరికి కాగితం తీసుకుని, ఒక్క అక్షరం దిద్దకుండా, సంచిలో కాదు, చొక్కా లోపల పెట్టుకుని, పైన కోటు గుండీలన్నీ పెట్టుకుని వానలోకి వెళ్ళాడు.

సబ్బు ప్రకటన రాలేదు. మూడో ఆదివారం నాటి పత్రికలో అత్త గళ్ళు వచ్చాయి. ఆ వారమే కోర్టు నుంచి ఆఫీసుకు ఉత్తరం వచ్చిందట, ఏడుగురి సంతకాలతో. ఎడిటరు గారు కబురు పంపారు, ఇక ప్రతివారం కట్టమని. గళ్ళు అచ్చయిన రోజు అత్త ఎన్నిసార్లు ఆ పేజీ తెరిచి చూసుకుందో నేను లెక్కపెట్టలేను. పాలు పొంగిపోయాయి, చూసుకోలేదు. మా ముగ్గురికీ ఆ రోజు కాఫీ లేదు, ఎవరికీ గుర్తు రాలేదు కూడా.

సంతోషమంతా బాగానే ఉంది గానీ, పై ఆదివారానికి ఒక చిక్కు బయటపడింది. అత్త అలవాటుగా కత్తెర పక్కన పెట్టి, చెవి మీది పెన్సిలు తీసి, పేపరు ముందేసుకుని కూర్చుంది. కాసేపు చూసి పెన్సిలు మళ్ళీ చెవి మీద పెట్టుకుంది.

"ఇందులో నాకు తెలియని మాట ఒక్కటీ లేదే పిల్లా" అంది నీరసంగా.

తను కట్టినవే కదా, ఎందుకుంటాయి? ఇరవై ఏళ్ళుగా ఆదివారాన్ని నింపిన గంట ఒక్కసారి ఖాళీ అయిపోయింది. ఆ రోజు లేచి అనవసరంగా గదంతా ఊడ్చింది. ఆ పై ఆదివారం ఊడ్చినదాన్నే మళ్ళీ ఊడ్చింది. నాన్న పేపరు చాటు నుంచి చూస్తూనే ఉన్నాడు.

వానలు వెనకపట్టాక, నీరెండ కాసిన ఒక ఆదివారం నాన్న బల్ల మీద ఒక కాగితం పెట్టాడు. ప్రూఫు కాగితం వెనకవైపు, ఎర్ర సిరాతో, స్కేలు జారి వంకర తిరిగిన గళ్ళు. అడ్డంగా నాలుగు మాటలు, ఒకదాని కింద ఒకటి.

అత్త ముందు పకపకా నవ్వింది. "ఇదేం కట్టడం అన్నయ్యా! మధ్యలో నల్లగడి ఒక్కటీ లేదు. అన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయాయి. మొత్తం కుట్టు విప్పి మళ్ళీ వేయాలి."

"నువ్వు చెయ్యి ముందు" అన్నాడు నాన్న.

చెవి మీది పెన్సిలు కిందికి వచ్చింది. "'నువ్వు గడికొకటి పెట్టేది, నేను రోజూ ఒక్కొక్కటే చూసేది.' అక్షరం. 'అచ్చుకు ముందు రచయిత చేతిరాతలో ఉండే కాగితం, దిద్దేటప్పుడు నా పక్కన ఉంటుంది.'" అక్కడ ఆగింది. "ఇది నాకు తెలియదే!"

ఆ 'తెలియదే' అన్న మాటలో ఎంత ఆనందమో. స్టూలు కోసం చూసింది. కానీ అవసరం పడలేదు. నిఘంటువు బల్ల చివర ఉంది. పొద్దున్నే ఎవరు దించారో గానీ, అట్ట మీద దుమ్ము కూడా లేదు. చాలాసేపు తిరగేసి పట్టుకుంది. "మాతృక! మా, తృ, క. మూడక్షరాలు." కొలతల పుస్తకంలో రాసుకుంది. "'ఆదివారం గుమ్మంలో పడేది.' పత్రిక. 'ఎవరిది తప్పయినా చేస్తాను, నాది అయితే చేయను.'" పెన్సిలు ఒక్క క్షణం ఆగింది. "సవరణ" అని మెల్లగా రాసింది.

"నిలువుకి ఆధారం రాయడం మరిచిపోయావు" అంది, తల ఎత్తకుండా.

"మరిచిపోలేదు. అడ్డాలు నింపితే అదే వస్తుంది."

నేను ఆమె భుజం మీదుగా చూశాను. నిలువుగా ఉన్న నాలుగు గళ్ళను ఎవరూ రాయలేదు, అయినా నిండి ఉన్నాయి. అక్షరంలోంచి క్ష. మాతృకలోంచి మా. పత్రికలోంచి ప. సవరణలోంచి ణ. క్షమాపణ. నాన్న నోటి నుంచి ఆ మాట నేను నా జన్మలో వినలేదు, ఆ తరువాతా వినలేదు.

అత్త చాలాసేపు ఆ కాగితాన్నే చూసింది. నాన్న లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి, పూర్తిగా ఆరిపోయిన గొడుగును తెరిచి, మూసి, మళ్ళీ తెరిచాడు. అత్త కళ్ళు తుడుచుకుని, కొలతల పుస్తకం దగ్గరికి లాక్కుని, పాత పేజీలు వెనక్కి తిప్పుకుంటూ వెళ్ళింది. ఒక పేజీ దగ్గర ఆగి, ఇన్నేళ్ళుగా ఖాళీగా ఉన్న చోట పెద్ద టిక్కు పెట్టింది.

నాన్న దూరం నుంచే మెడ చాచి చూశాడు. "ఏ మాటకి?"

"అన్యాపదేశానికి."

"ఇన్నాళ్ళకు వాడావన్నమాట. ఎవరి మీద?"

"నేనెక్కడ వాడాను అన్నయ్యా" అంది అత్త, పుస్తకం మూస్తూ. "నువ్వు వాడావు."